అడ్డమీద బల్లలు

నిన్న ప్రారంభోత్సవానికి కట్టిన బంతిపూల దండలు ఇంకా వాడలేదు. అశోక్‌నగర్ చౌరస్తాలో కూలీలు పొద్దున్నే నిలబడే మూల మీద ఇప్పుడు నీలిరంగు రేకుల కప్పు ఉంది. దాని కింద మూడు వైపులా గోడవారగా నల్లరాయి పరిచిన బల్లలు, పైన ఫ్యాన్లు, ఒక పక్కన మంచినీళ్ల నల్లా, ఇంకో పక్కన ఆడవాళ్లకు బాత్రూం. ఇదివరకు అందరూ బారుగా నిలబడిన ఫుట్‌పాత్ పొడుగునా సిమెంటు కుండీల్లో పూలమొక్కలు పెట్టారు.

ఆశమ్మ వస్తూనే బాత్రూంలోకి పోయింది. లోపల గొళ్లెం పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. ఈ అడ్డ మీద నిలబడే ఆడవాళ్లు పొద్దున లేచింది మొదలు, పని దొరికి అక్కడ ఏదో ఒక చాటు కనిపించేదాకా గుక్కెడు నీళ్లు తాగేవాళ్లు కాదు. ఆమె బయటికి వచ్చి, నల్లా కింద దోసిలి పట్టి, కడుపు నిండేదాకా తాగింది.

"ఎట్లున్నది అత్తా?" అంది మంగ.

"గొళ్లెం పడుతది," అంది ఆశమ్మ.

మంగ ఆశమ్మ వాళ్ల పక్క అర్రలో అద్దెకుండే పిల్ల. వాళ్లది కూడా పాలమూరు దిక్కే కాబట్టి ఆశమ్మను అత్తా అంటుంది, ఎవరితోనూ లేనంత చనువుగా ఎగతాళి చేస్తుంది. ఇప్పుడు కప్పు అంచున ఉన్న బోర్డు వైపు చెయ్యి చూపించింది. కాలనీ సంఘం, కార్పొరేషన్, ఒక రంగుల కంపెనీ కలిసి దీన్ని కట్టించాయని అక్కడ పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

"గింతమంది పేర్లు రాసిన్రు, నీ పేరే మర్చిపోయిన్రు. కాలనీ మీటింగ్ల కూసునే జాగ కావాలె అని అడిగింది నువ్వేనాయె. ఆశమ్మ మహల్ అని రాయాలె గదా?"

"నోరు మూసుకోయే," అంది ఆశమ్మ. కానీ ఆమెకు లోపల సంతోషంగానే ఉంది. బల్లమీద అరచెయ్యి ఆనించి చూసింది. రాయి చల్లగా, నున్నగా ఉంది. ఇలాంటి రాళ్లను ఆమె ఎన్ని అంతస్తులకు మోసిందో. దాని మీద కూర్చోవడం మాత్రం ఇదే మొదలు.

కాలనీ సంఘం పెట్టిన వాచ్‌మన్ పీరయ్య విజిల్ మెడలో వేసుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. అతనిది గద్వాల. మొన్నటిదాకా ఇదే అడ్డ మీద పలుగు పట్టుకుని నిలబడినవాడు.

"నిలవడొద్దు, కూసోండ్రి కూసోండ్రి. ఫుట్‌పాత్ సాఫ్ ఉండాలె."

"అబ్బో! యూనిఫాం పడంగనే నడక మారింది పీరయ్యకు," అని మగవాళ్లలో ఎవరో అన్నారు.

"నడక గాదు తమ్మీ, బూట్లు గరుస్తున్నయ్."

అందరూ నవ్వారు. నవ్వుతూనే కూర్చున్నారు. పలుగులూ పారలూ బల్లల కింద సర్దారు, ఇనుప తట్టలు బోర్లించారు. ఆశమ్మ పెనిమిటి దాసయ్య ఫ్యాన్ కిందికి జరిగి తలకు చుట్టిన తువ్వాల విప్పుకున్నాడు. లైబ్రరీకి పోయే పిల్లలు, గ్రూపు పరీక్షలకు చదువుకునేవాళ్లు, వీపున బ్యాగులతో ఇడ్లీ బండి దగ్గర ఆగి, వింతగా చూసి పోతున్నారు.

మేస్త్రీల బండ్లు వచ్చాయి. ఎప్పటిలాగే మూల దగ్గరికి రాగానే మెల్లగా అయ్యాయి. బండి మీద మనిషి తల తిప్పి ఒకసారి లోపలికి చూసేవాడు. తర్వాత బండి ముందుకు పోయేది. ఒకటి పోయింది, ఇంకొకటి పోయింది. ఎవరూ దిగలేదు, ఎవరూ పిలవలేదు. ఎండ కుండీల మీదికి వచ్చింది.

అప్పటికి నవ్వులు తగ్గాయి. ఆశమ్మ చొక్కా జేబులోంచి ఫోన్ తీసింది. ఆడవాళ్లందరూ పనికి వచ్చేటప్పుడు చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుంటారు, ఆమెది దాసయ్య పాతది. ఓదెలు మేస్త్రికి ఫోన్ చేసింది. సెంట్రింగ్, స్లాబు పనులకు మనుషులను తీసుకుపోయే ఓదెలు ఎప్పుడూ ఆమెనే ముందు పిలిచేవాడు.

"ఇయ్యాల పని లేదా అన్నా?"

"పనెందుకు లేదక్కా! నేనొచ్చిన గదా. జూస్తె అందరు కూసున్నరు. అందరికి కుదిరింది, ఆటో కోసం చూస్తున్నరు అనుకున్న. కవాడిగూడ అడ్డకు పోయి అక్కణ్నుంచి ఏసుకపోయిన."

ఆశమ్మ ఫోన్ దించి అదే మాట చెప్పింది. తర్వాత ఎవరో పక్కున నవ్వారు, ఆ వెంటనే అందరూ నవ్వారు. అడ్డ మీద పని కుదిరినవాడు పక్కకు జరిగి కూర్చుంటాడు. కుదరనివాడు నిలబడతాడు. అది ఎవరూ చెప్పి నేర్పింది కాదు. బండి ఆపకుండానే మేస్త్రి కళ్లు నిలబడ్డవాళ్లను మాత్రమే చూసుకుంటూ పోతాయి. పిలవని మేస్త్రిని కేకేయడం, బండి వెంట ఉరకడం ఈ అడ్డ మీద తప్పు. అలా చేసినవాడు తక్కువకు ఒప్పుకుని పక్కవాడి నోటికాడిది లాక్కున్నట్టు లెక్క.

"పెండ్లికి వచ్చినట్టు కూసుంటిమి గదరా అందరం," అన్నాడు దాసయ్య, తువ్వాల మళ్లీ చుట్టుకుంటూ.

ఆ రోజు అందరూ ఖాళీ చేతులతోనే ఇంటికి పోయారు. కానీ అది ఇంకా నవ్వుకోగలిగిన రోజు.

*

మర్నాడు నిలబడ్డారు. కప్పు ముందు, కుండీలకు లోపల, సందు ఎంత ఉంటే అంతలో ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డారు. పీరయ్య వచ్చి బతిమాలాడు.

"జర కూసోండ్రన్నా. నా నౌకరీ పోతది."

"నీ నౌకరీ ఉంటె మా కూలి పోతది. ఏం జేద్దాం జెప్పు?"

పీరయ్య బూటు మడమ తొక్కి దూరంగా పోయి నిలబడ్డాడు. పార్కుకు నడకకు పోతున్న ఒక కాలనీ ఆవిడ ఆగి, ఫోన్ ఎత్తి ఫొటో తీసుకుంది. "అంత మంచి బెంచీలు వేయిస్తే ఇదేం మాయరోగం!" అని పక్కావిడతో అంటూ పోయింది. కాలనీ వాళ్ల ఫోన్లన్నింటికీ ఆ ఫొటో చేరినట్టుంది. కాసేపటికి సంఘం కార్యదర్శి రామచంద్రం గారు చిక్కడపల్లి వైపు నుంచి తొందర తొందరగా నడుచుకుంటూ వచ్చాడు. ఆయన కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఈ కప్పు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగింది ఆయనే. ఇస్త్రీ చొక్కా ఒక గుండీ తప్పి పెట్టుకుని ఉన్నాడు.

"ఏమయ్యా, ఏమైంది? మీకోసమే కదా కట్టింది. కూర్చోండి. కూర్చోవడానికి ఎవరూ ఏమీ అడగరు."

ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఎవరో ఒకరు ఎదురు చెప్పేవాళ్లు. ఆయన ఒక్కొక్కరి దగ్గరికి వచ్చి, భుజం మీద చెయ్యి వేసినంత దగ్గరగా నిలబడి, "కూర్చో నాయనా" అంటుంటే కాదనడం ఎవరికీ చేతకాలేదు. ఒక్కొక్కరే వెనక్కి జరిగి కూర్చున్నారు. ఆశమ్మ మాత్రం నల్లా దగ్గర నీళ్లు తాగుతున్నట్టుగా నిలబడి ఉంది.

ఆయన అటు పోగానే మళ్లీ లేచారు. అందరూ లేచారు కానీ దాసయ్య లేవలేదు.

అతను గోడకు వీపు ఆనించి, కాళ్లు చాపుకుని, కళ్లు మూసుకుని ఉన్నాడు. ఫ్యాన్ గాలికి అతని నెరిసిన గడ్డం వెంట్రుకలు కదులుతున్నాయి. ఆశమ్మ దగ్గరికి పోయి కాలితో అతని కాలును తట్టింది.

"లే."

"లేస్త."

"ఇప్పుడు లే. ఓదెలన్న వస్తడు, వస్తనన్నడు."

"వచ్చినప్పుడు లేస్త తియ్," అన్నాడు కళ్లు తెరవకుండానే. "నడుము జర సాగుతున్నదే. జర ఊకో."

ఓదెలు అప్పుడే వచ్చాడు. బండి మెల్లగా అయింది, కుండీల పక్కన ఆగింది. కాలు కింద ఆనించి అతను ఆశమ్మ వైపు చూసి నవ్వాడు.

"జోడి కావాలక్కా. దోమలగూడల పాత ఇల్లు ఇడగొట్టుడు. మట్టి ఎత్తిపోసుడు ఉన్నది."

ఆశమ్మ వెనక్కి చూసింది. ఓదెలు కూడా ఆమె చూసిన వైపే చూశాడు. దాసయ్య ఒక చెయ్యి బల్లమీద, ఇంకో చెయ్యి మోకాలి మీద ఆనించి లేస్తున్నాడు. చూస్తున్నవాళ్లకు అది చాలాసేపు పట్టినట్టుగా అనిపించింది. నిలబడి ఉన్న దాసయ్యను ఓదెలు ఇన్నేళ్లుగా చూస్తున్నాడు. బల్లమీది నుంచి లేచే దాసయ్యను ఎన్నడూ చూడలేదు.

"అన్న పానం మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్నది," అంది ఆశమ్మ. "ఊకెనే కూసున్నడు."

"మరి ఊకెనే ఎందుకు కూసుంటరక్కా," అన్నాడు ఓదెలు నెమ్మదిగా. బండి హ్యాండిల్ మీద వేళ్లతో తట్టుకుంటూ కాసేపు ఆలోచించాడు. "ఇడగొట్టుడు జర జోరు పని. ఇయ్యాలటికి ఉండనీ. రేపు మాపు సూద్దాం."

అతను వేరే జోడీని పిలిచాడు. ఆ మొగుడూ పెళ్లాలు ఆశమ్మ మొహం చూడకుండా తట్టలు తీసుకుని ఆటో ఎక్కారు.

ఆశమ్మ దాసయ్య పక్కన కాకుండా ఎదురుగా పోయి నిలబడింది.

"కడుపు సల్లగైందా?"

"నేనేం జేసిన?"

"కూసున్నవ్. అందరి ముందట కూసున్నవ్. ఇగ అయిపోయిండు దాసయ్య అని దండోరా ఏసినట్టు కూసున్నవ్."

"బల్లలు అడిగిందెవలు?" అన్నాడు దాసయ్య. అతను తిట్టినట్టు అనలేదు, నిజంగానే అడిగినట్టు అన్నాడు. "నిలవడేటందుకు నిలవడితిమి గదనే ఇన్ని రోజులు. కూసునే జాగ ఉంటె నడుము ఒప్పుకుంటదా? నాది రాయి గాదు గద."

ఆశమ్మ సిగ్గుతో రోడ్డు వైపు తిరిగింది. మేస్త్రీలు వాళ్లను జోడీగా పిలిచేది ఆమె పని చూసి అని ఇద్దరికీ తెలుసు. ఒకరి మీద ఒకరు ఆనుకుని నిలబడ్డ రెండు కర్రల్లాంటి లెక్క అది. వాళ్లు అద్దెకుండే ఇంటి యజమాని వాళ్ల అర్రలోకి చదువుకునే పిల్లలను పెడదామని ఎప్పటినుంచో చూస్తున్నాడు. పని లేదంటే అర్ర లేదు, అర్ర లేదంటే పట్నం లేదు. ఊళ్లో వాళ్ల ఇంటి గోడలు కూలి చాలా వానాకాలాలు అయింది.

*

ఆ తర్వాతి రోజుకు అడ్డ పలుచబడింది. వయసులో ఉన్నవాళ్లు కవాడిగూడకు, ఇంకా అవతలికి పోయారు. మనుషులు లేరని మేస్త్రీలు రాలేదు, మేస్త్రీలు రారని మనుషులు పోయారు. నీలి కప్పు కింద ముసలివాళ్లు ఇద్దరు ముగ్గురు, ఫ్యాన్ కింద పుస్తకం తెరిచి కూర్చున్న ఒక చదువుకునే పిల్లవాడు, విజిల్ ఊదాల్సిన అవసరం లేని పీరయ్య.

దాసయ్యను ఇంట్లోనే ఉండమని, ఆశమ్మ మంగ వెంట కవాడిగూడకు పోయింది. అక్కడ అందరూ బారుగా నిలబడి ఉన్నారు. ఎక్కడ నిలబడాలో తెలియక ఆమె బారు చివరికి పోయింది. పక్కన నిలబడ్డ ఆడమనిషి ఆమెను కింది నుంచి మీదికి చూసి, "ఏ ఊరు అవ్వా?" అని అడిగింది.

అవ్వ అన్న మాటను ఆశమ్మ విననట్టు ఊరుకుంది.

మేస్త్రీలు వచ్చారు. బండి మీది నుంచే వేలు చూపించి మనుషులను ఎంచుకున్నారు. వాళ్లెవరికీ ఆశమ్మ తెలియదు. ఆమె కలిపిన కాంక్రీటు మాల్ తట్ట తల మీద పెట్టుకుని ఒక చేత్తో కూడా పట్టుకోకుండా నిచ్చెన ఎక్కుతుందని తెలియదు. స్లాబు పోసేరోజు నడుమ ఎక్కడా ఆగదని తెలియదు. వాళ్లకు కనిపించింది నెరిసిన జుట్టు, ఉబ్బిన మోకాళ్లు. మంగకు పని కుదిరింది. ఆమె పోతూ పోతూ, "మా అత్త గూడ మంచిగ జేస్తది, ఏసుకపోండ్రి," అంది మేస్త్రితో. అతను, "వద్దమ్మా, నాలుగంతస్తులు ఎక్కుడున్నది," అన్నాడు. మంగ తల వంచుకుని ఆటో ఎక్కింది. తిరిగి చూసి ఏదో ఎగతాళి మాట అంటుందేమోనని ఆశమ్మ చూసింది. అంటే బాగుండు అనుకుంది. ఆటో వెళ్లిపోయింది.

అక్కణ్నుంచి ఆమె ఇంటికి పోలేదు. చిక్కడపల్లి సందుల్లో అడుగుతూ అడుగుతూ రామచంద్రం గారి ఇంటికి పోయింది. మెట్లు ఎక్కి, తలుపు బయట చెప్పులు విడిచి నిలబడింది. తలుపు తీసిన ఆయన చేతిలో గరిట ఉంది.

"నువ్వా అమ్మా! లోపలికి రా. పాలు పొంగుతున్నాయి."

ఆమె లోపల గోడవారగా నిలబడింది. ఇంట్లో ఇంకెవరూ ఉన్నట్టు లేదు. గోడ మీద ఒక ఆవిడ ఫొటో, దానికి పొద్దున పెట్టిన ఒక్క నందివర్ధనం పువ్వు. ఆయన రెండు స్టీలు గ్లాసులతో టీ తెచ్చాడు. రెండూ ఒక్క తీరు గ్లాసులే. కుర్చీ చూపించాడు.

"వద్దు సారూ, నిలవడి తాగుత." ఒక్క గుక్క తాగి, మాట పోగొట్టుకుంటానేమో అన్నట్టు వెంటనే అంది, "సారూ, ఆ బల్లలు తీసెయ్యుండ్రి."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "బెంచీలా? ఎందుకు?"

ఆమె చెప్పింది. చెప్పడం ఆమెకు కష్టమైంది, ఎందుకంటే అది అందరికీ తెలిసిన సంగతే తప్ప ఎన్నడూ నోటితో చెప్పుకునే సంగతి కాదు. కూర్చుంటే కుదిరినట్టు. అది కాకుంటే, చేతగాక కూర్చున్నట్టు. మేస్త్రి బండి ఆపి అడగడు, చూసి పోతాడు. ఆయన రెండుసార్లు మధ్యలో ఆపి అడిగాడు, అర్థమయ్యాక గ్లాసు అంచు మీద వేలు తిప్పాడు.

"మరి ఆ రోజు మీటింగులో నువ్వే కదమ్మా చెప్పావు, కూర్చునే చోటు కావాలని? అందరి తరఫునా నువ్వే చెప్పావు."

"మీరు అడిగిన్రు గద సారూ. గంత పెద్దమనుషులు కుర్చీలేసి కూసోబెట్టి, ఛాయ పోసి, మీకు ఏం గావాలె అంటె... ఏమొద్దు అంటె ఏం బాగుంటది? మిమ్మల్ని చిన్నబుచ్చినట్టు గాదా?" ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "బాత్రూం అడుగుదమనుకున్న. ఇంతమంది మగోళ్ల ముందట నోరు రాలే. ఏదో ఒకటి అనాలె గదా అని కూసునే జాగ అన్న."

ఆయన మొహంలో ఏదో కదిలింది. నవ్వు కాదు.

"మరి బాత్రూం గురించి మీకు ఎవరు చెప్పిన్రు సారూ?"

"ఎవరూ చెప్పలేదు." ఆయన ఫొటో వైపు చూడలేదు కానీ గొంతు అటు తిరిగింది. "పొద్దున కూరగాయలకు పోయి వచ్చేటప్పుడల్లా మా ఆవిడ అనేది. పాపం ఆ ఆడవాళ్లు ఎక్కడికి పోతారో అని. అంతే."

"ఆ అమ్మకు పుణ్యముంటది," అంది ఆశమ్మ.

ఆయన లేచి కిటికీ దాకా పోయి వచ్చాడు. రేపు రంగుల కంపెనీ వాళ్లు చూడ్డానికి వస్తున్నారనీ, ఇది నచ్చితే నారాయణగూడలో కూడా ఇలాంటిది కట్టిస్తామన్నారనీ చెప్పాడు. బెంచీల మాట తనే వాళ్లను అడుగుతానన్నాడు. "కానీ వాళ్లు వచ్చేసరికి ఎవరూ లేకపోతే నేను ఏ మొహం పెట్టుకుని అడగను? రేపు ఒక్కరోజు మనవాళ్లను కూర్చోబెట్టు. ఎవరి రోజు కూలి వాళ్లకు నేనిస్తాను. నా సొంతంగా."

"తీసేస్తరా సారూ, నిజంగ?"

"నా శాయశక్తులా అడుగుతాను తల్లీ."

మెట్లు దిగుతుంటే ఆమె మోకాళ్లు రెండూ నొచ్చాయి. అయినా మూడు రోజుల్లో మొదటిసారి ఆమెకు ఆకలి వేసింది.

*

కూర్చోవడానికి కూలి ఇస్తారంటే మొదట ఎవరూ నమ్మలేదు. నమ్మాక నవ్వారు.

"ఈ ఒక్క పని నాకు మస్తుగొస్తది," అన్నాడు ఒకాయన.

"కూసునుడు గూడ చేతగావాలెరా. గంట కాకముందే నీకు కాళ్లు గుంజుతయ్," అంది మంగ. ఆమె ఆ రోజు కవాడిగూడ పని వదులుకుని వచ్చింది. ఎందుకు వచ్చావని ఆశమ్మ అడగలేదు.

బల్లలు నిండాయి. రామచంద్రం గారు కొత్త చొక్కాతో వచ్చి అందరికీ దండం పెట్టి రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. పీరయ్య బూట్లు తుడుచుకున్నాడు. దాసయ్య మొదటి రోజు నుంచీ కూర్చున్న చోటే కూర్చున్నాడు. ఆశమ్మ అతని పక్కన, బల్ల అంచు మీద, ఏ క్షణాన అయినా లేవగలిగేట్టు కూర్చుంది. కంపెనీ వాళ్లు రాలేదు. ఆయన ఫోన్ చేశాడు. దారిలో ఉన్నామన్నారు. ఎండ ఎక్కింది.

ఓదెలు వచ్చాడు.

ఈసారి బండి రోడ్డు మీద ఆపి, దిగి, కుండీల మధ్య నుంచి దాదాపు ఉరుకుతూ వచ్చాడు. మొహం చెమటతో తడిసి ఉంది.

"అన్నలారా, అక్కలారా! కుదిరినా సరే, కుదరకున్నా సరే. నారాయణగూడల స్లాబు పడుతున్నది. మిల్లర్ తిరుగుతున్నది, మాల్ కలిపేసిన. రావాల్సినోళ్లు సగం మంది రాలే. ఆగితె అంత గడ్డ కడుతది. రోజు కూలికి మీద ఇప్పిస్త. లేవుండ్రి జర."

అందరూ రామచంద్రం గారి వైపు చూశారు. ఆయన ఓదెలును చూశాడు, బల్లల మీది మనుషులను చూశాడు. చేతిలో ఫోన్ మళ్లీ మోగుతోంది.

"పోండి," అన్నాడు. "పని పోగొట్టుకోవద్దు. పోండి పోండి."

బల్లలు ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి. తట్టల చప్పుడు, పారల చప్పుడు. మంగ లేచింది, చదువు మానేసి కూలికి వస్తున్న పిల్లలు లేచారు, ఏనాడూ స్లాబు ఎక్కని ముసలాయన కూడా లేచాడు. ఆశమ్మ అందరికంటే ముందు లేచి నిలబడింది. నిలబడే ఉంది. కొంగు నడుముకు దోపుకుని, చుట్టబట్ట తల మీద పెట్టుకుని, ఓదెలు కళ్లు తన మీదికి రావడం కోసం చూసింది.

వచ్చాయి. ఓదెలు ఆమెను చూశాడు. ఆమె వెనక బల్లమీద ఉన్న దాసయ్యను చూశాడు. అంత తొందరలో కూడా ఒక అడుగు దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అన్నాడు:

"నువ్వు కూసో పెద్దమ్మా. ఎండ మస్తున్నది. సల్లగ నీడలున్నరు గదా, కూసోండ్రి."

ఇన్నాళ్లుగా అక్కా అని పిలిచిన మనిషి. అతని గొంతులో ఎక్కడా కసి లేదు. ఇంట్లో పెద్దమనిషికి చెప్పినట్టే చెప్పాడు. చెప్పి వెళ్లిపోయాడు. ఆటోలు నిండాయి. మంగ ఆటోలోంచి తల బయటపెట్టి, "అత్తా..." అని పిలిచింది. ఇంకేమీ అనకముందే ఆటో కదిలింది.

ఆశమ్మ నిలబడ్డ చోటే నిలబడి ఉంది. చాలాసేపటికి ఆమె వెనక్కి జరిగి కూర్చుంది. ఈసారి అంచు మీద కాదు. వీపు గోడకు తగిలేదాకా జరిగి కూర్చుంది. రాయి చల్లగా ఉంది. నడుము కింద ఎప్పటినుంచో బిగిసి ఉన్న నరం ఏదో ఒకటి వదులైంది. ఆ సుఖం ఆమెకు భయం పుట్టించింది.

దాసయ్య తన తువ్వాల మడిచి ఆమె వీపు వెనక, గోడకూ ఆమెకూ మధ్య పెట్టాడు.

కంపెనీ వాళ్లు వచ్చారు. సంయుక్త అనే ఒక చిన్న వయసు ఆఫీసరమ్మ, కెమెరా పట్టుకున్న ఇంకొకతను. రామచంద్రం గారు, "ఇప్పుడే అందరూ పనికి పోయారమ్మా," అని చెప్పాడు. నిజమే చెప్పాడు కానీ అది అబద్ధంలా వినిపించింది. ఆ అమ్మాయి మర్యాదగా తల ఊపింది. నల్లా తిప్పి చూసింది, బాత్రూం చూసింది, చివరికి మిగిలిన ఇద్దరి దగ్గరికి వచ్చి మోకాళ్ల మీద కూర్చుని వాళ్ల ఎత్తుకు వచ్చింది.

"బాగుందా తాతా? హాయిగా ఉందా?"

"హాయిగున్నది బిడ్డా," అన్నాడు దాసయ్య.

వాళ్లిద్దరినీ ఫొటో తీశారు. కొంచెం దగ్గరగా జరగమన్నారు. జరిగారు. ఆ అమ్మాయి రామచంద్రం గారితో, పెద్దవాళ్లు ఇలా వాడుకోవడం చాలా బాగుందనీ, నారాయణగూడలో కట్టేది పెద్దవాళ్ల కోసమే కట్టిద్దామనీ అంది. ఆయన ఆమెను కాస్త పక్కకు తీసుకుపోయి, చేతులు తిప్పుతూ, బల్లలు చూపిస్తూ, రోడ్డు చూపిస్తూ చాలాసేపు మాట్లాడాడు. ఆమె మొదట కనుబొమలు ముడిచింది. తర్వాత వింది. తర్వాత తల ఊపింది. కారు వెళ్లిపోయింది.

ఆయన వెనక్కి తిరిగి వచ్చేటప్పుడు నడకలో కాలేజీ రోజుల హుషారు ఉంది.

"ఒప్పుకున్నారమ్మా! వాళ్లకు విడమర్చి చెప్పాను. వచ్చే వారం మనుషులను పంపి బెంచీలు తీసేయిస్తామన్నారు. కుండీలు కూడా జరిపిస్తారు. మళ్లీ మీ అడ్డ మీకు వస్తుంది. నువ్వు రాకపోతే నాకు తెలిసేదే కాదు."

ఆశమ్మ ఆయన మొహం వైపు చూసింది. ఆయన నిజంగా సంతోషంగా ఉన్నాడు. తను అడిగింది చేసి చూపించాడు. ఇన్నేళ్లలో ఒక పెద్దమనిషి ఆమె మాట విని, అది మోసుకుపోయి, పని చేయించుకుని రావడం ఇదే మొదలు.

"ఉండనియ్యుండ్రి సారూ," అంది.

"ఏమిటమ్మా?"

"బల్లలు. ఉండనియ్యుండ్రి."

"అదేమిటి! నిన్ననే కదా నువ్వు..."

"నిన్న అన్న. నేనే అన్న." ఆమె మెల్లగా మాట్లాడింది, ఎవరినీ చిన్నబుచ్చకూడదన్నట్టు. "ఈయన కూసుంటడు గద సారూ. పొద్దుందాక ఇంట్ల ఏం జేస్తడు. జర గాలి తగులుతది." తర్వాత రోడ్డు వైపు చూస్తూ అంది, "నేను గూడ."

ఆయన ఖాళీ బల్లలు, వాడిన బంతిపూల దండ, కుండీల వెనక రోడ్డు, పైన స్టీల్ బ్రిడ్జి మీద పోతున్న బస్సులు, అన్నీ ఒకసారి చూశాడు. అందరికీ ఇవ్వాలని తెచ్చిన కూలి డబ్బులు జేబులోనే ఉన్నాయి. వాటి మీద చెయ్యి పెట్టి, తీయకుండా, ఆమెకు కాస్త ఎడంగా బల్లమీద కూర్చున్నాడు.

ముగ్గురూ రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయారు. సగం రోజు పనికి ఎవరైనా దొరుకుతారేమోనని ఒక మేస్త్రి బండి మూల దగ్గర మెల్లగా అయింది. హెల్మెట్ పైకెత్తి అతను లోపలికి చూశాడు. ఆశమ్మ రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించింది. లేవలేదు.

బండి ముందుకు పోయింది.